గేటు నుంచి గుమ్మం దాకా

మే 28

ఇవాళ మీటింగులో చీమలు గెలిచాయి, నేను ఓడిపోయాను.

ఆస్పత్రి కొత్త భవనానికి గేటు నుంచి గుమ్మం దాకా వెయ్యాల్సిన రాళ్ళ దారికి నేను గీసిన డ్రాయింగు చాలా కాలంగా డైరెక్టరు బల్ల మీద ఉంది. తిన్నని దారి. గేట్లో నిలబడితే ఎదురుగా గుమ్మం, రెండు పక్కలా చెట్లు, మధ్యలో ఎక్కడా వంకర లేదు. ఈ ఏడాది చివర రిటైరవుతున్నాను. ఈ ఆవరణలో మురుగు కాలువలు, నీళ్ళ ట్యాంకులు, పార్కింగు షెడ్లు అన్నీ నా హయాంలో కట్టినవే. ఒక్కటీ ఎవరి కంటికీ ఆనదు. ఈ దారి ఆనుతుంది. అది వేసి వెళ్ళిపోదామనుకున్నాను.

డైరెక్టరు ఎక్కడినుంచో ఒకావిడను పిలిపించాడు. చీమల మీద పరిశోధన చేసిందట. నలిగిన బట్టలతో, చెప్పులకు మట్టితో వచ్చి, నా డ్రాయింగు పక్కకు జరిపి, ఆ జాగాలో తన సంచీ పెట్టుకుంది.

"చీమల్లో ఇంజనీరు ఉండడండీ," అంది నా వైపు చూసి నవ్వుతూ. "ఎవరూ ప్లాను గియ్యరు. ప్రతి చీమా నడిచినచోట కాస్త వాసన వదులుతుంది. దగ్గరి దారిలో వెళ్ళినవి త్వరగా తిరిగొస్తాయి కాబట్టి అక్కడ వాసన చిక్కబడుతుంది, మిగతావి దాన్ని పట్టుకుంటాయి. పనికిరాని దారిలో వాసన ఆరిపోతుంది. మనమూ అలాగే చేద్దాం. ఇప్పుడే రాళ్ళు వెయ్యకుండా గడ్డి వేసి వదిలేద్దాం. రోగులు, వాళ్ళతో వచ్చేవాళ్ళు ఎటు నడుస్తారో గడ్డే చూపిస్తుంది. అక్కడ మాత్రమే రాయి పరుద్దాం. బోలెడు రాయి మిగులుతుంది, మిగతా నేల వాన నీళ్ళు తాగుతుంది."

డైరెక్టరు తల ఊపిన ఊపుకి మెడ ఊడి ఒళ్ళో పడుతుందేమో అనుకున్నాను. ఆగస్టు దాకా ఆగుదాం అన్నాడు. అప్పుడప్పుడూ పై అంతస్తు నుంచి నేలను ఫోటో తీస్తారట. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని పెద్దలు ఊరికే అనలేదు. నా డ్రాయింగు చుట్టి పట్టుకుని ఇంటికి వచ్చాను.

మే 29

చీమలు.

జూన్ 3

మా ఆవిడకు చెప్పాను. తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, ఈ మధ్యే వాకరు పట్టుకుని మంచం నుంచి కిటికీ దాకా నడుస్తోంది. ఆ నడక చూస్తే నాకే ఆయాసం వస్తుంది. అయినా నోటికేం లోటు లేదు.

"ఆవిడ చెప్పింది బాగానే ఉంది కదండీ," అంది. "నడిచేవాళ్ళని అడిగి దారి వెయ్యడంలో తప్పేముంది?"

"వాళ్ళని కాదు, వాళ్ళ కాళ్ళని అడుగుతున్నారు. జనం కాళ్ళకి బుద్ధుంటే ఇంజనీర్లెందుకు?"

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అని వాకరు తిప్పుకుంది.

ఆగస్టు నుంచి ఫిజియోథెరపీకి ఆస్పత్రికే రావాలట, మెషీన్లు అక్కడ ఉన్నాయట. ఈ మాట విన్న దగ్గర్నుంచి ఆవిడకు ఒకటే పట్టుదల. గేటు దగ్గర కారు దిగి లోపలికి తన కాళ్ళ మీద తనే వెళ్ళాలి. "నన్ను మాత్రం చక్రాల కుర్చీ ఎక్కించకండి. ఒకసారి ఎక్కితే ఇక దిగను, నా సంగతి నాకు తెలుసు," అంది. సరే అన్నాను. అప్పటికి రాళ్ళ దారి ఉండి ఉంటే నున్నగా వెళ్ళేది. ఆ మాట చీమలావిడతో అనాలి.

జూన్ 11

గడ్డి వేశారు, తాళ్ళు తీసేశారు. కాసేపు గేటు దగ్గర నిలబడి మహాజనం తెలివి చూశాను.

ఒకడు ఫోనులో మాట్లాడుతూ ఉన్నచోటే గుండ్రంగా తిరిగాడు. ఒక కుటుంబం నాలుగు దిక్కులకీ నడిచి మళ్ళీ ఒకచోట చేరింది. ముసలీ ముతకా మాత్రం కుడివైపు తిరిగి ప్రహరీ గోడ వెంబడి పోతున్నారు. అటు గోడ నీడ ఉంది, వాలు తక్కువ, దూరం మాత్రం ఎక్కువ. పాత పంపు గది కూల్చినప్పుడు మిగిలిన అరుగు ఒకటి ఉంటే దాని మీద చతికిలబడి, మందుల సంచీలు సర్దుకుని, కబుర్లు చెప్పుకుని, అప్పుడు లేస్తున్నారు. ఆస్పత్రికి వచ్చారో పేరంటానికి వచ్చారో తెలియదు. గుమ్మం ఎదురుగా కనిపిస్తుంటే గోడకి బల్లుల్లా కరుచుకుని పోవడమేమిటో. దాన్ని ఫోటో తీసి, దాన్నే దారి అంటారు. నా పేరు చెప్పుకునే ఒక్క పనీ ఆ బల్లుల చేతుల్లో పడింది.

జూన్ 18

చీమలావిడ ప్రయోగంలో రాసుకున్న మాట: మనుషులు నడిచిన చోట దారి వెయ్యాలి. నేనూ మనిషినే. మా వాకింగ్ బ్యాచ్ కూడా మనుషులే, వాళ్ళ తెలివితేటలు పక్కన పెడితే.

పొద్దున వాళ్ళని ఆస్పత్రి ఆవరణకు తీసుకొచ్చాను. రోడ్ల మీద పొగ, ఇక్కడ గాలి బాగుంటుంది, కాస్త ఎత్తు ఎక్కితే గుండెకు మంచిది అని చెప్పాను. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైనాయన ఒకడే అనుమానపడ్డాడు.

"గడ్డి పాడవదాండీ?"

"నడవడానికే వేశారు. మీరు నడిస్తే ఆస్పత్రికే ఉపకారం."

ఉపకారం అనేసరికి బ్యాంకాయన ఛాతీ ముందుకొచ్చింది. నేను ముందు నడిచాను, గుమ్మం పక్క స్తంభం మీద చూపు పెట్టి, అడుగు ఇటూ అటూ పోకుండా. వెనక వాళ్ళు. దళసరి బూట్లు, గట్టి కాళ్ళు. గేటు నుంచి గుమ్మం, గుమ్మం నుంచి గేటు. ఎందుకు తిన్నగా అని ఒక్కడూ అడగలేదు. గొర్రెలకు కూడా కాపరి మీద ఇంత నమ్మకం ఉండదు.

ఇందులో దాపరికం ఏమీ లేదు. పట్టపగలు, అందరూ చూస్తుండగా నడుస్తున్నాం.

జూన్ 27

గీత పడింది. పై అంతస్తు నుంచి చూశాను. స్కేలు పెట్టి గీసినట్టుంది.

జూలై 6

నవ్వొచ్చే సంగతి. ఇప్పుడు మేం నడవకపోయినా అది పెరుగుతోంది. గేట్లోకి వచ్చినవాడు గడ్డి చూస్తాడు, మధ్యలో అరిగిన చార చూస్తాడు, ఇంకేమీ ఆలోచించకుండా చార మీద పడి పోతాడు. వాడి వెనక ఇంకొకడు. చీమలావిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆవిడ సిద్ధాంతానికి నాకంటే పెద్ద సాక్ష్యం ఎవరూ తేలేరు, ఆ మాట ఆవిడకి తెలియదు, అంతే.

ఇవాళ ఆవిడే నా గదికి వచ్చింది, ఫోటోలు పట్టుకుని.

"అర్థం కావట్లేదండీ," అంది. "ఎండలో, అంత ఎత్తు ఎక్కుతూ నడుస్తున్నారు. మొదట్లో గోడ పక్కన బాట బాగా పడింది. ఇప్పుడు అటు గడ్డి మళ్ళీ లేస్తోంది."

"మనిషికి తిన్నగా పోవడం ఇష్టమమ్మా. చీమల సంగతి నాకు తెలియదు."

"జబ్బు చేసిన మనిషికి కూడానా?"

"జబ్బు మనిషికి ఇంకా తొందర."

ఆవిడ తల పంకించి ఏదో ఆలోచిస్తూ వెళ్ళిపోయింది. నా కుర్చీ మీద మట్టి చెప్పుల గుర్తు. ఒక కాలు కుర్చీ అడుగు పట్టీ మీద పెట్టుకుని కూర్చుంటుంది, చదువుకున్న మనిషేనా అని.

కాలికి కట్టు కట్టుకున్న ఒకతను సగం దాకా ఎక్కి వెనక్కి దిగిపోయాడు. వాడికి ఏదో మరిచిపోయినట్టు గుర్తొచ్చి ఉంటుంది.

జూలై 15

వాన. నా బాట కాలువైంది. గడ్డి పోయిన నేల కదా, వాలు తిన్నగా ఉంది కదా, నీళ్ళు గుమ్మం దగ్గర బయలుదేరి గేటు దాకా ఉరుక్కుంటూ వచ్చాయి. పోతూ పోతూ మట్టిని కూడా తీసుకుపోయాయి. రాళ్ళు వేసి ఉంటే ఇలా జరిగేదా? నేను మొదట్నించీ మొత్తుకుంటున్నది అదే.

జూలై 17

గాడి పడిన చోట కంకర పోయించాను. ఎవరైనా కాలు జారి పడితే జవాబు చెప్పుకోవాల్సింది నేనే. ఇది మెయింటెనెన్సు. ప్రయోగానికీ దీనికీ సంబంధం లేదు.

చీమలావిడ వంగి కంకర చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇదెవరు పోశారండీ?"

"మెయింటెనెన్సు వాళ్ళు."

"చీమల బాటలో ఎవరైనా పంచదార పోస్తే, ఆ తర్వాత ఆ బాట చూసి దగ్గరి దారి ఏదో తెలుసుకోలేమండీ. పంచదార ఎక్కడుందో మాత్రమే తెలుస్తుంది."

పంచదారట. కంకరకీ పంచదారకీ తేడా తెలియనివాళ్ళు వచ్చి నా ఆవరణలో దారులు వేస్తారు.

జూలై 26

మా ఆవిడ వాకరు వదిలి చేతికర్రకు వచ్చింది. వంటింటి దాకా వెళ్ళి కాఫీ తనే కలుపుకుంది, నాకు ఇవ్వలేదు. "మీరు తిన్నగా వెళ్ళి కలుపుకోండి," అంది. ఇంట్లో హాస్యానికి కరువు లేదు.

ఆగస్టు 2

ఇవాళ మా ఆవిడను ఆస్పత్రికి తీసుకెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

గేటు దగ్గర కారు దిగింది. నేను చెయ్యి ఇవ్వబోతే వద్దంది. కర్ర నేల మీద ఆనించి, చుట్టూ చూసి, "ఎంత బాగుందండీ పచ్చగా," అంది. తర్వాత చార చూసింది.

"అందరూ ఇటే వెళ్తున్నట్టున్నారే."

నేను ఏమీ అనలేదు. గోడ పక్క నుంచి వెళ్దాం అనే మాట నోటి దాకా వచ్చింది. డైరెక్టరు కారు అక్కడే ఉంది, పై అంతస్తు కిటికీలు తెరిచి ఉన్నాయి. నా ఇంటి మనిషే నా దారి కాదని గోడ వెంబడి పోతుంటే ఎవరైనా చూస్తే ఎలా ఉంటుంది అనిపించింది. ఆవిడ బాగానే నడుస్తోంది కదా అని కూడా అనిపించింది.

మొదట బాగానే నడిచింది. ఎండ మొహాన కొడుతోంది. వాలు పెరిగే చోట కంకర మీద కర్ర జారింది. సర్దుకుంది. ఇంకాస్త వెళ్ళి ఆగింది. పెదవులు తెల్లబడ్డాయి. కూర్చోవడానికి ఏమీ లేదు, రెండు పక్కలా గడ్డి. మెల్లగా, కర్ర పట్టుకుని, నేల మీదే కూర్చుండిపోయింది. అప్పటికే అక్కడ ఒక పెద్దాయన ఎక్స్‌రే కవరు తల మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆవిడకు సగం కవరు ఇవ్వబోయాడు.

నేను పరిగెత్తి చక్రాల కుర్చీ తెచ్చాను. ఆవిడ ఎక్కింది. ఫిజియోథెరపీ గది దాకా వెళ్ళాక అంది.

"ఆ దారి అంత అరిగిందంటే ఎంతమంది రోగులు నడిచి ఉంటారు? నాలాంటివాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు. అందరూ నడిచారు. నావల్ల సగం కూడా కాలేదు."

ఎండ ఎక్కువగా ఉందన్నాను.

"వాళ్ళకి మాత్రం ఎండ లేదా?"

ఆగస్టు 3

మంచం దిగలేదు.

ఆగస్టు 5

దిగలేదు. ఫిజియోథెరపిస్టు ఫోను చేసింది. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

ఆగస్టు 9

ఆడవాళ్ళు ఇంతే. ఒక్కసారి కూర్చుండిపోతే లోకం మునిగినట్టు. ఆ దారిలో రోజూ వందల మంది పోతున్నారు, సగంలో ఎవరో ఇద్దరు కూర్చున్నంత మాత్రాన దారిదా తప్పు? బలం కూడగట్టుకుని మళ్ళీ వెళ్దాం, ఇంకా కాస్త పొద్దున్నే వెళ్దాం అని చెప్పాను.

"వద్దండీ. ఇక నా నడక మంచం నుంచి బాత్రూం దాకానే. కుర్చీ ఒకటి కొనేయండి," అంది గోడ వైపు తిరిగి.

దుప్పటి సర్ది వచ్చాను. పొద్దున వాకింగుకు వెళ్ళలేదు. బ్యాంకాయన ఫోను చేసి, మీరు రాకపోయినా మేం ఆపలేదండీ, కొత్తగా ఇద్దరు చేరారు కూడా అని సంబరంగా చెప్పాడు. పెట్టేశాను.

ఆగస్టు 14

గెలిచాను.

డైరెక్టరు తెర మీద ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి వేశాడు. పచ్చటి నేల మీద చార సన్నగా పుట్టి, పెరిగి, గేటు నుంచి గుమ్మం దాకా బాణంలా నిలబడింది. "ఏ ఇంజనీరూ గియ్యలేదు, ప్రజలే గీసుకున్న దారి ఇది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. "మన ఇంజనీరు గారు మొదట్లో ఇచ్చిన డ్రాయింగు కూడా ఇంచుమించు ఇలాగే ఉండేది, కాకతాళీయం," అని ముక్తాయింపు. రాయి ఆర్డరిచ్చారు. అంటే దారి నాది, పేరు చీమలది.

చీమలావిడ ఒక్కతే ఒప్పుకోలేదు. ఇది రోగులు వేసిన దారిలా లేదు, ఇంకొక్క కాలం ఆగుదాం అంది. ఎవరూ వినలేదు. చీమల సిద్ధాంతం అందరికీ వంటబట్టింది కదా, ఇక చీమలావిడతో పనేముంది. ఆవిడ నా వైపు చూసింది. నేను కాగితాలు చూసుకున్నాను.

ఇంటికి వచ్చి ఈ సంగతి ఎవరికి చెప్పాలో తెలియలేదు. పడగ్గదిలో ఫ్యాను తిరుగుతోంది. మా ఆవిడ గోడ వైపే తిరిగి ఉంది.

ఆగస్టు 16

చెప్పేశాను.

ఏదో ధర్మబుద్ధి పుట్టుకొచ్చి చెప్పలేదు. పొద్దున పళ్ళెం తీసుకెళ్తే, ఆవిడ లేచి కూర్చోవడానికి కూడా నా భుజం పట్టుకుంది. పోయిన నెల కాఫీ ఇవ్వకుండా ఏడిపించిన మనిషి. భయమేసింది.

"ఆ దారి రోగులు వేసింది కాదు," అన్నాను.

"మరి?"

"నేను వేశాను. బ్యాంకాయన, వాళ్ళూ. పొద్దున్నే బూట్లేసుకుని అటూ ఇటూ నడిచాం. కంకర కూడా నేనే పోయించాను. రోగులు మొదట్లో నడిచింది గోడ పక్కన. అటు కూర్చుంటూ, లేస్తూ వెళ్ళేవాళ్ళు."

"ఎందుకు చేశారు?"

"తిన్నగా ఉంటుందని."

పళ్ళెంలోది చల్లారిపోయింది.

"నేను కారు దిగి అటు తిరిగినప్పుడు మీరు పక్కనే ఉన్నారు," అంది.

"ఉన్నాను."

"నోట్లో నాలుక లేదా?"

పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టాను.

"ఇన్నాళ్ళుగా ఈ గోడ చూస్తూ పడుకున్నాను. అందరూ నడిచిన దారి నాకొక్కదానికే చేతకాలేదని ఏడ్చాను. మీరు వచ్చి దుప్పటి సర్ది వెళ్ళేవారు."

అప్పుడు నా వైపు చూసింది. కోపం కాదు. కోపమైతే నాకు అలవాటే. ఆ చూపు ఎక్కడో తెలిసినట్టే ఉంది అనుకుంటుంటే తట్టింది. మీటింగుల్లో, గేటు దగ్గర, అందరి వైపూ నేను చూసే చూపే అది. ఎదురుగా నిలబడి ఎప్పుడూ చూడలేదు కాబట్టి ఎలా ఉంటుందో నాకు తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"కర్ర ఇవ్వండి," అంది. ఇచ్చాను. లేవబోతుంటే పట్టుకోబోయాను. "చెయ్యి తియ్యండి," అంది. లేచింది. కిటికీ దాకా వెళ్ళి, అక్కడే నిలబడి, నాకు వీపు చూపిస్తూ, చల్లారిన టిఫిన్ మొత్తం తింది.

ఆగస్టు 18

డైరెక్టరుకు చెప్పాను. తలుపు వేసి, గొంతు తగ్గించి, నన్ను ఓదార్చాడు.

"ఇప్పుడెందుకండీ ఇదంతా. ఫోటోలు పత్రికవాళ్ళకి ఇచ్చేశాం, ప్రకృతి గీసిన దారి అని రాస్తున్నారు. అయినా మీరు మొదట్నించీ అడిగింది ఇదేగా, సంతోషించండి." నేను లేస్తుంటే ఇంకో మాట అన్నాడు. "గోడ పక్కన ఇంకా కొంతమంది నడుస్తున్నారు. చూడ్డానికి బాగోదు. అటు కంచె వేయించండి."

నిజం చెప్పినా పుచ్చుకునేవాడు లేడు. ఇన్నేళ్ళూ ఈయన కింద పనిచేసినందుకు నా మీద నాకే రోత పుట్టింది, ఆ రోత పుట్టడానికి ఇన్నేళ్ళు పట్టినందుకు ఇంకాస్త.

చీమలావిడ సామాను సర్దుకుంటుంటే వెళ్ళి ఆవిడకూ చెప్పాను, కంచె సంగతితో సహా. తిడుతుందనుకున్నాను. మా ఆవిడ సంగతి వచ్చే దాకా సామాను సర్దుతూనే వింది.

"ఇప్పుడు ఎలా ఉన్నారు ఆవిడ?"

"నాతో మాట్లాడటం లేదు. నడుస్తోంది."

"అయితే అటు కంచె వెయ్యకండి," అంది.

ఆగస్టు 25

రాళ్ళ లారీ వచ్చింది. పనివాళ్ళు తాడు కట్టి పరుస్తున్నారు. తాడు సరిగ్గా నా డ్రాయింగు మీద గీత వెంటే ఉంది. కంచె ఆర్డరు నా సొరుగులో పడేశాను. నేను రిటైరయ్యే దాకా అది అక్కడే ఉంటుంది, తర్వాత వచ్చేవాడు ఏం చేస్తాడో నా చేతిలో లేదు.

మా ఆవిడను తీసుకెళ్ళాను. తీసుకెళ్ళాను అనడం గొప్పే, కారు నడిపాను. గేటు దగ్గర దిగి పరుస్తున్న రాళ్ళ వైపు ఒకసారి చూసింది. కుడివైపు తిరిగి గోడ నీడలోకి వెళ్ళింది. అక్కడ నడిచేవాళ్ళు తగ్గి గడ్డి మోకాలి దాకా లేచి ఉంది. కర్రతో పక్కకు నెట్టుకుంటూ, ఒక్కో అడుగూ చూసుకుంటూ నడుస్తోంది. పడిపోతుందేమోనని నేను కాస్త వెనగ్గా బయలుదేరాను.

అడుగుల చప్పుడు విన్నట్టుంది. ఆగింది, తల తిప్పలేదు.

"మీరు రాకండి," అంది. "మీరు తొక్కితే ఇది ఎవరి దారో మళ్ళీ ఎవరికీ తెలియదు."

నేను గేటు దగ్గరకు వచ్చి నిలబడ్డాను.